రీసెల్లర్ల ఎండ్ కస్టమర్లకు లైసెన్సులు, యాక్సెస్ టోకెన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

సాఫ్ట్‌వేర్ తయారు చేసిన కంపెనీ దగ్గర కొని తమ కస్టమర్లకు అమ్మే రీసెల్లర్లకు, ఆ అమ్మకాలు నడిచే పోర్టల్స్, ఏపీఐలు (ప్రోగ్రామ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారులు) కట్టే డెవలపర్లకు పదేపదే ఎదురయ్యే ప్రశ్నలు ఇక్కడ ఉన్నాయి. తయారీ కంపెనీని "వెండర్" అని, చివర్లో సాఫ్ట్‌వేర్ వాడుకునేవారిని "కస్టమర్" అని రాశాం.

లైసెన్స్ కీ, యాక్సెస్ టోకెన్ రెండూ ఒకటేనా?

కావు. ఈ రంగంలో వచ్చే చిక్కుల్లో సగం ఈ రెండింటినీ కలిపేయడం వల్లే వస్తాయి.

లైసెన్స్ అంటే హక్కు. ఎవరికి, ఏ ప్రొడక్ట్, ఎన్ని సీట్లు (ఎంతమంది లేదా ఎన్ని మెషీన్లు వాడొచ్చు), ఏ తేదీ వరకు అన్నది అది చెబుతుంది. మామూలుగా ఏడాదో మూడేళ్లో ఉంటుంది. టోకెన్ అంటే ఒక ప్రోగ్రామ్ ఈ క్షణాన "నేను ఫలానా, నాకు ఈ పని చేసే అనుమతి ఉంది" అని చూపించే ఆధారం. దాని ఆయుష్షు కొన్ని నిమిషాల నుంచి కొన్ని నెలలు. లైసెన్స్ కీ బయటపడితే సీట్లు పోతాయి. టోకెన్ బయటపడితే డేటా పోతుంది.

ఎక్కువమంది చేసే పొరపాటు, లైసెన్స్ కీనే ఏపీఐ పాస్‌వర్డ్‌గా వాడటం. లైసెన్స్ కీ ఇన్‌వాయిస్ పీడీఎఫ్‌లో ఉంటుంది, మెయిల్‌లో వెళ్తుంది, వాట్సాప్‌లో ఫార్వర్డ్ అవుతుంది, అకౌంట్స్ వాళ్ల ఎక్సెల్‌లో ఓ గడిలో కూర్చుంటుంది. అంతమంది చేతులు మారేది రహస్యం ఎలా అవుతుంది? పైగా అది బయటపడి మార్చాల్సి వస్తే, ఆ కస్టమర్ దగ్గరున్న ప్రతి మెషీన్‌నూ మళ్లీ యాక్టివేట్ చేయాలి.

సరైన పద్ధతి ఇది: లైసెన్స్ కీని యాక్టివేషన్ సమయంలో ఒక్కసారే అడగండి. సర్వర్ దాన్ని సరిచూసి ఆ మెషీన్‌కు మాత్రమే చెల్లే టోకెన్ ఇస్తుంది. ఆ తర్వాత మాటలన్నీ టోకెన్‌తోనే. ఒక మెషీన్‌ను ఆపాలంటే ఆ ఒక్క టోకెన్‌ను రద్దు చేస్తే చాలు, మిగతావి కదలవు.

లైసెన్స్ ఎవరి పేరిట రిజిస్టర్ చేయాలి?

కస్టమర్ పేరిట. ఇందులో మినహాయింపు వద్దు.

త్వరగా పని అయిపోతుందని రీసెల్లర్ తన మెయిల్ ఐడీతోనే రిజిస్టర్ చేసేస్తుంటాడు. మొదటి ఏడాది ఏమీ తెలియదు. ఆ రీసెల్లర్ దగ్గర ఆ పని చూసిన ఉద్యోగి మానేసినప్పుడో, కస్టమర్ వేరే రీసెల్లర్ దగ్గరికి వెళ్దామనుకున్నప్పుడో అసలు సంగతి బయటపడుతుంది. డబ్బు కట్టింది కస్టమర్, వెండర్ రికార్డుల్లో యజమాని మాత్రం రీసెల్లర్. అప్పుడు యాజమాన్యం రుజువు చేసుకోవడానికి పాత బిల్లులు వెతుక్కోవాలి.

ఆర్డర్ పెట్టేటప్పుడే నాలుగు వివరాలు తీసుకోండి: కస్టమర్ సంస్థ చట్టబద్ధమైన పేరు, వాళ్ల సొంత డొమైన్, ఆ డొమైన్‌లోనే ఒక ఉమ్మడి మెయిల్ ఐడీ, ఇద్దరు మనుషుల కాంటాక్టులు. ఉమ్మడి ఐడీ అంటే ఒక వ్యక్తి పేరుతో కాకుండా "ఐటీ", "లైసెన్సులు" లాంటి పేరుతో ఉండేది. మనుషులు మారినా అది మారదు.

డేటాబేస్‌లో ఇదంతా ఎలా అమర్చుకోవాలి?

కనీసం ఆరు టేబుళ్లు విడివిడిగా ఉండాలి: రీసెల్లర్, కస్టమర్, ఆ ఇద్దరి మధ్య సంబంధం, కొనుగోలు హక్కు, యాక్టివేషన్, టోకెన్.

మూడోదాన్ని చాలామంది వదిలేసి, కస్టమర్ టేబుల్‌లోనే రీసెల్లర్ ఐడీ అని ఒక కాలమ్ పెడతారు. కస్టమర్ రీసెల్లర్‌ను మార్చిన రోజున ఆ కాలమ్‌లో కొత్త ఐడీ రాస్తారు, పాత చరిత్రంతా తుడిచిపెట్టుకుపోతుంది. పోయిన ఏడాది కమీషన్ ఎవరికి వెళ్లాలో చెప్పే ఆధారం ఉండదు. సంబంధాన్ని వేరే టేబుల్‌గా పెట్టి, "ఎప్పటి నుంచి", "ఎప్పటి వరకు" అని రెండు తేదీలు ఉంచండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఏ కస్టమర్ డేటా ఇవ్వాలన్నది రిక్వెస్ట్‌లో వచ్చిన ఐడీని నమ్మి తేల్చకండి. టోకెన్ ఎవరిదో చూసి, ఆ రీసెల్లర్‌కు ఈ కస్టమర్‌తో ఇవాళ సంబంధం ఉందో లేదో ప్రతిసారీ సరిచూడండి. ఈ తనిఖీ లేకపోవడమే సాఫ్ట్‌వేర్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2023 నాటి ఏపీఐ ముప్పుల జాబితాలో మొదటి స్థానంలో ఉంది. పరీక్షించడం తేలిక: ఇద్దరు డమ్మీ రీసెల్లర్లను సృష్టించండి. మొదటివాడి టోకెన్‌తో రెండోవాడి కస్టమర్ ఐడీ అడగండి. 404 (దొరకలేదు) రావాలి. 403 (అనుమతి లేదు) ఇస్తే "అలాంటి కస్టమర్ ఉన్నాడు, నీకు మాత్రం చూపించను" అని చెప్పినట్టే. పోటీ రీసెల్లర్‌కు ఆ మాత్రం సమాచారం కూడా ఎందుకివ్వాలి?

ఏ రకం లైసెన్స్ ఎక్కడ సరిపోతుంది?

రోజంతా వాడేవారికి యూజర్ పేరిట ఇచ్చేది. షిఫ్టుల్లో ఒకే కంప్యూటర్ ముందు వేర్వేరు మనుషులు కూర్చునే చోట మెషీన్‌కు కట్టేది. వాడేవాళ్లు ఎక్కువ, ఒకేసారి వాడేవాళ్లు తక్కువ అయితే ఫ్లోటింగ్ (అందరూ పంచుకునే సీట్లు). ఏపీఐ కాల్స్, స్టోరేజీ లాంటివాటికి వాడకాన్ని బట్టి బిల్లు. ఫ్లోటింగ్‌లో ఒక జాగ్రత్త: ప్రోగ్రామ్ క్రాష్ అయితే సీటు వెనక్కి రాదు. అందుకే సీటును అద్దెకిచ్చినట్టు 10 నిమిషాలకో, 15 నిమిషాలకో ఇవ్వాలి. ప్రోగ్రామ్ బతికున్నంతసేపు దాన్ని పొడిగించుకుంటుంది, చస్తే గడువు తీరి సీటు దానంతటదే ఖాళీ అవుతుంది.

లైసెన్స్ కీలో ఎన్ని అక్షరాలుండాలి?

25 అక్షరాలు, అయిదేసి చొప్పున అయిదు గుంపులు. 32 గుర్తులతో రాసే క్రాక్‌ఫర్డ్ బేస్32 పద్ధతి వాడితే అక్షరానికి 5 బిట్ల లెక్కన 125 బిట్లు వస్తాయి, ఊహించి పట్టుకోవడం అసాధ్యం. ఆ పద్ధతిలో ఐ, ఎల్, ఓ, యూ అనే ఇంగ్లిష్ అక్షరాలు ఉండవు కాబట్టి ఒకటికీ ఐకీ, సున్నాకూ ఓకూ తికమక రాదు. ఫోన్లో కీ చదివి చెప్పే సపోర్ట్ వాళ్లకు ఇది ఎంత మేలో వాళ్లనే అడగండి. టైప్ చేసినప్పుడు చిన్నక్షరాలు, మధ్య గీతలు, ఖాళీలు అన్నీ సర్వరే సర్దుకోవాలి. మెయిల్ నుంచి కాపీ చేస్తే చివర్లో కనిపించని ఖాళీ ఒకటి తోడొస్తుంది. "కీ తప్పు" అన్న ఫిర్యాదుల్లో దీని వాటా తక్కువేం కాదు.

"యాక్టివేషన్ పరిమితి దాటింది" అని వస్తోంది. కస్టమర్ మాత్రం కొత్త మెషీన్ ఏదీ కొనలేదంటున్నాడు. ఎందుకు?

కస్టమర్ చెప్పేది నిజమే అయ్యుంటుంది. మెషీన్‌ను గుర్తుపట్టే వేలిముద్ర మారిపోయి, సర్వర్‌కు పాత మెషీన్ కొత్తదిగా కనిపిస్తోంది. మామూలుగా కారణాలివి:

- మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) మీద ఆధారపడటం. వైఫై మ్యాక్‌ను ఆపరేటింగ్ సిస్టమ్‌లు గోప్యత కోసం మార్చేస్తుంటాయి. లాప్‌టాప్‌ను డాక్‌కు పెడితే డాక్‌లోని నెట్‌వర్క్ కార్డు మ్యాక్ ముందుకొస్తుంది. ఇంట్లో ఒక మెషీన్, ఆఫీసులో ఇంకో మెషీన్ అన్నట్టు లెక్కపడుతుంది.
- కంటైనర్లు (ప్రోగ్రామ్‌ను విడిగా నడిపే తాత్కాలిక పెట్టెలు). రీస్టార్ట్ అయిన ప్రతిసారీ కొత్త హోస్ట్ పేరు, కొత్త నెట్‌వర్క్. రాత్రి పదిసార్లు రీస్టార్ట్ అయితే పది సీట్లు.
- మదర్‌బోర్డు, డిస్క్ మార్చడం.

దీనికి తలకిందులైన సమస్య కూడా ఉంది. వర్చువల్ మెషీన్‌ను క్లోన్ చేస్తే లినక్స్‌లోని మెషీన్-ఐడీ ఫైల్ కూడా కాపీ అవుతుంది. 40 మెషీన్లున్నా సర్వర్‌కు ఒక్కటే కనిపిస్తుంది. టెంప్లేట్ ఇమేజ్‌లో ఆ ఫైల్‌ను ఖాళీగా ఉంచితే ప్రతి క్లోన్ మొదటిసారి బూట్ అయినప్పుడు సొంత ఐడీ తయారు చేసుకుంటుంది.

మా సలహా: ఒకే గుర్తును నమ్ముకోవద్దు. అయిదు గుర్తులు తీసుకుని, మూడు కలిస్తే అదే మెషీన్ అనుకోండి. కంటైనర్లకు వేలిముద్ర పూర్తిగా వదిలేసి, పైన చెప్పిన అద్దె పద్ధతి పెట్టండి. 30 రోజులుగా పలకని యాక్టివేషన్‌ను తనంతట తానే విడుదలయ్యేలా చేయండి. అన్నిటికంటే ముందు, కస్టమర్ తన పోర్టల్‌లోకి వెళ్లి పాత మెషీన్‌ను తానే తొలగించుకునే బటన్ ఇవ్వండి. ఆ బటన్ లేకపోతే ప్రతి హార్డ్‌డిస్క్ మార్పు ఒక సపోర్ట్ టికెట్. ఆ టికెట్ కస్టమర్ నుంచి రీసెల్లర్‌కు, రీసెల్లర్ నుంచి వెండర్‌కు వెళ్లి తిరిగొచ్చేసరికి ఒక పని దినం పోతుంది.

ఇంటర్నెట్ లేని చోట యాక్టివేట్ చేయడం ఎలా?

1. కస్టమర్ మెషీన్‌లో ప్రోగ్రామ్ ఒక రిక్వెస్ట్ ఫైల్ తయారు చేస్తుంది. అందులో వేలిముద్ర, కీ, ఒక యాదృచ్ఛిక సంఖ్య ఉంటాయి.
2. ఆ ఫైల్‌ను వేరే కంప్యూటర్ నుంచి పోర్టల్‌లో అప్‌లోడ్ చేస్తారు.
3. పోర్టల్ సంతకం చేసిన లైసెన్స్ ఫైల్ ఇస్తుంది. సంతకానికి ఈడీ25519 పద్ధతి చక్కగా సరిపోతుంది, 64 బైట్లే.
4. ప్రోగ్రామ్ తనలో ఉన్న పబ్లిక్ కీతో సంతకాన్ని, తాను పంపిన సంఖ్యను సరిచూసుకుంటుంది.

సంతకం చేసే ప్రైవేట్ కీ వెండర్ సర్వర్ దాటి ఎప్పుడూ బయటికి రాకూడదు, రీసెల్లర్‌కు కూడా ఇవ్వకూడదు. ఆఫ్‌లైన్ లైసెన్స్‌ను దూరం నుంచి రద్దు చేయలేం కాబట్టి దాని గడువు చిన్నదిగా, 90 రోజులో 180 రోజులో ఉంచి మళ్లీ తీసుకోమనడం మేలు. కంప్యూటర్ గడియారం వెనక్కి తిప్పి నెట్టుకొచ్చేవాళ్లుంటారు. చివరిసారి చూసిన సమయాన్ని ప్రోగ్రామ్ దాచుకుని, ఇప్పటి సమయం దానికంటే ఒక రోజుకు మించి వెనక్కి పోతే హెచ్చరించాలి. నేరుగా ఆపేయొద్దు. మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయినా గడియారం వెనక్కే పోతుంది, అందులో కస్టమర్ తప్పేమీ లేదు.

31వ తేదీ వరకు అని అమ్మాం. 31న పొద్దున్నే ఆగిపోయింది. ఏమైంది?

గడువును "31వ తేదీ 00:00 యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం)" అని దాచారు. అంటే 31వ తేదీ మొదలవగానే గడువు తీరింది. యూటీసీ కంటే 5:30 గంటలు ముందున్న చోట అది తెల్లవారుజామున 5:30 అవుతుంది. ఆఫీసు తెరిచేసరికి సాఫ్ట్‌వేర్ లేదు.

గడువును ఎప్పుడూ "ఈ క్షణం కంటే ముందు వరకు చెల్లుతుంది" అన్న అర్థంలో, కస్టమర్ టైమ్ జోన్‌లో ఆ రోజు పూర్తిగా గడిచాక వచ్చే క్షణాన్ని యూటీసీలోకి మార్చి దాచండి. ఇన్‌వాయిస్ మీద, పోర్టల్‌లో కస్టమర్‌కు కనిపించే తేదీ మాత్రం 31 అనే ఉండాలి. టైమ్ జోన్ తెలియని కస్టమర్‌కు ఒక రోజు అదనంగా ఇచ్చేయండి. ఆ ఒక్క రోజు ఖర్చు కంటే ఒక ఉదయపు గందరగోళం ఖరీదెక్కువ.

ఏడాది మధ్యలో సీట్లు పెంచితే లెక్క ఎలా కట్టాలి? తగ్గించొచ్చా?

పెంచిన సీట్ల గడువు కూడా పాత సీట్లతోపాటే ముగిసేలా చూడండి. ఉదాహరణకు సీటు ఏడాది ధర 3,650 అనుకుందాం, అంటే రోజుకు 10. 20 సీట్లున్న కస్టమర్ 92వ రోజున మరో 5 తీసుకున్నాడు. 91 రోజులు గడిచాయి, మిగిలినవి 274. 5 × 10 × 274 = 13,700. లీపు సంవత్సరం పడితే 366తో భాగించాలి. ఎప్పుడూ ఆ టర్మ్‌లో నిజంగా ఉన్న రోజులతోనే లెక్కించండి. రౌండింగ్ మొత్తం మీద ఒకసారే చేయండి. సీటుకు విడిగా చేస్తే వెండర్ బిల్లుకూ మీ బిల్లుకూ పైసల తేడా వస్తుంది, నెలాఖరున అకౌంట్స్ వాళ్లు ఆ తేడా కోసం గంటలు వెతుకుతారు.

తగ్గించడం వెండర్ నియమాన్ని బట్టి ఉంటుంది. మైక్రోసాఫ్ట్ పార్ట్‌నర్ల ద్వారా అమ్మే కొత్త విధానంలో కొన్న రోజు నుంచి 7 రోజుల్లోగానే సీట్లు తగ్గించడం, రద్దు చేయడం కుదురుతుంది. ఆ తర్వాత టర్మ్ ముగిసేదాకా కట్టాల్సిందే. ఈ మాట కస్టమర్‌కు ఆర్డర్‌కు ముందే రాతపూర్వకంగా చెప్పండి. తర్వాత చెబితే ఆ నష్టం రీసెల్లర్ నెత్తిన పడుతుంది.

రెన్యువల్ ఆలస్యమైతే వెంటనే ఆపేయాలా?

వద్దు. 60, 30, 7 రోజుల ముందు గుర్తుచేయండి. ఆ మెయిల్ రీసెల్లర్‌తోపాటు కస్టమర్‌కూ వెళ్లాలి. రీసెల్లర్ చూడక కస్టమర్ ఆగిపోయిన సందర్భాలు లెక్కలేనన్ని. గడువు తీరాక 14 రోజులు మామూలుగా నడవనిచ్చి, తర్వాత 30 రోజులు చూడటానికి మాత్రమే వీలుండేలా మార్చండి. ఏ దశలోనైనా కస్టమర్ తన డేటాను బయటికి తీసుకునే దారి తెరిచే ఉండాలి. డబ్బు బాకీ ఉన్నా డేటా వాళ్లదే.

రీసెల్లర్‌కు అందరు కస్టమర్లకూ కలిపి ఒకే టోకెన్ ఇస్తే సరిపోదా?

పని తేలికవుతుంది, ప్రమాదం కూడా అంతే పెద్దదవుతుంది. ఆ ఒక్క టోకెన్ పోతే 300 మంది కస్టమర్లు ఒకేసారి పోయినట్టే. దాన్ని రద్దు చేస్తే 300 మందికీ ఒకేసారి పని ఆగుతుంది కాబట్టి, రద్దు చేయడానికి కూడా చేయి రాదు.

మధ్యవర్తి దగ్గరున్న టోకెన్లు దొంగలకు ఎంత ఇష్టమో 2022 ఏప్రిల్‌లో అందరూ చూశారు. డెవలపర్లకు సేవలందించే హెరోకు, ట్రావిస్ సీఐ సంస్థలకు ఇచ్చిన ఓఆత్ టోకెన్లను (పాస్‌వర్డ్ చెప్పకుండా అనుమతి ఇచ్చేవి) ఎవరో దొంగిలించి, పదుల సంఖ్యలో సంస్థల ప్రైవేట్ కోడ్‌ను డౌన్‌లోడ్ చేశారని, కోడ్ దాచుకునే సైట్ గిట్‌హబ్ ప్రకటించింది. ఆ కోడ్ తీసుకోవడానికి ఆ సంస్థల పాస్‌వర్డ్‌లు దొరకాల్సిన అవసరమే రాలేదు.

ఒక కస్టమర్, ఒక పని, ఒక టోకెన్. సీట్లు లెక్కపెట్టే స్క్రిప్టుకు చదివే అనుమతి చాలు, సీట్లు కొనే అనుమతి ఎందుకు? బిల్లింగ్‌కు, సపోర్ట్‌కు, ఆర్డర్లకు వేర్వేరు టోకెన్లు పెట్టి, ప్రతిదానికీ మనుషులు చదవగలిగే పేరు పెట్టండి. "టోకెన్ 2", "కొత్త టోకెన్", "టెస్ట్ ఫైనల్" లాంటి పేర్లు రెండేళ్ల తర్వాత ఎవరికీ అర్థం కావు, ఏదో ఆగిపోతుందన్న భయంతో ఎవరూ వాటిని తీసేయరు.

టోకెన్ గడువు ఎంత ఉండాలి?

యాక్సెస్ టోకెన్‌కు 5 నుంచి 60 నిమిషాలు. మైక్రోసాఫ్ట్ లాగిన్ సేవ ఎంట్రాలో డిఫాల్ట్‌గా 60 నుంచి 90 నిమిషాల మధ్య ఏదో ఒకటి వస్తుంది, కాబట్టి కచ్చితంగా గంట అని కోడ్‌లో రాసుకోకండి. జవాబులో వచ్చే గడువు సెకన్లనే చదవండి. అక్కడ రిఫ్రెష్ టోకెన్ (యాక్సెస్ టోకెన్ గడువు తీరాక కొత్తది తెచ్చిపెట్టేది) మామూలుగా 90 రోజులు, బ్రౌజర్‌లోనే నడిచే సింగిల్ పేజ్ యాప్‌లకు 24 గంటలు.

నిన్నటిదాకా పనిచేసింది, ఇవాళ "ఇన్‌వాలిడ్ గ్రాంట్" అంటోంది. ఎక్కడ చూడాలి?

రిఫ్రెష్ టోకెన్ చచ్చిపోయిందని దాని అర్థం. మళ్లీ మళ్లీ ప్రయత్నించినా బతకదు. కస్టమర్ మళ్లీ అనుమతి ఇవ్వాల్సిందే. కానీ ఎందుకు చచ్చిందో తెలుసుకోకపోతే వచ్చే వారం మళ్లీ ఇదే జరుగుతుంది.

గూగుల్ వైపు మూడు కారణాలు తరచుగా కనిపిస్తాయి. యాప్ ఇంకా టెస్టింగ్ దశలోనే ఉంటే రిఫ్రెష్ టోకెన్ 7 రోజులకే పోతుంది. "ప్రతి వారం ఆగిపోతోంది" అన్నారంటే ముందు చూడాల్సింది ఇదే. ఆరు నెలలు వాడకపోతే పోతుంది. ఒక గూగుల్ ఖాతాకు ఒక క్లయింట్ ఐడీ మీద 100 రిఫ్రెష్ టోకెన్లే ఉంటాయి, 101వది తీసుకోగానే అన్నిటికంటే పాతది చప్పుడు లేకుండా పోతుంది. లాగిన్ అయిన ప్రతిసారీ కొత్త రిఫ్రెష్ టోకెన్ అడిగే కోడ్ ఈ గోతిలో పడుతుంది.

ఇంకో కారణం మన సొంత కోడ్‌లోనే ఉంటుంది. కొన్ని సర్వర్లు రిఫ్రెష్ చేసిన ప్రతిసారీ పాత రిఫ్రెష్ టోకెన్ తీసేసుకుని కొత్తది ఇస్తాయి. పాతది మళ్లీ కనిపిస్తే దొంగతనం జరిగిందనుకుని ఆ వరసలోని టోకెన్లన్నీ రద్దు చేస్తాయి. ఇప్పుడు మీ దగ్గర రెండు వర్కర్లు (వెనక పనిచేసే ప్రాసెస్‌లు) నడుస్తున్నాయనుకోండి. 10:00:00కి యాక్సెస్ టోకెన్ గడువు తీరింది. మొదటి వర్కర్ 10:00:01కి రిఫ్రెష్ చేసి కొత్తది తెచ్చుకుంది. రెండో వర్కర్ తన మెమరీలో ఉన్న పాతదాన్నే 10:00:02కి పంపింది. సర్వర్ రెండింటినీ చంపేసింది. లాగ్‌లో చూస్తే దొంగ ఎవరూ ఉండరు, మన రెండు వర్కర్లే ఉంటాయి. కోడ్‌లో ఒక్కో కస్టమర్‌కు ఒక తాళం (లాక్) పెట్టి, ఒక సమయంలో ఒక్క ప్రాసెస్ మాత్రమే రిఫ్రెష్ చేసేలా చూడండి. తాళం దొరికిన ప్రాసెస్ ముందుగా డేటాబేస్‌లో కొత్తది వచ్చిందేమో చూసి, లేకపోతేనే రిఫ్రెష్ చేయాలి. కొత్త టోకెన్‌ను వాడే ముందే డేటాబేస్‌లో రాయాలి. రాయకముందు ప్రాసెస్ పడిపోతే అది శాశ్వతంగా పోయినట్టే.

టోకెన్లను ఎలా దాచాలి?

మీరు జారీ చేసేవైతే: 32 బైట్ల యాదృచ్ఛిక విలువ తీసుకోండి. కస్టమర్‌కు ఒక్కసారే చూపించండి. మీ దగ్గర ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (అసలు విలువ వెనక్కి రాబట్టలేని ముద్ర) మాత్రమే ఉంచండి. పాస్‌వర్డ్‌లకు వాడే నెమ్మది హ్యాష్ ఇక్కడ అక్కర్లేదు. 256 బిట్ల యాదృచ్ఛిక విలువను ఊహించి పట్టుకోలేరు, పైగా ప్రతి ఏపీఐ కాల్ నెమ్మదిస్తుంది. గుర్తుపట్టడానికి చివరి నాలుగు అక్షరాలు విడిగా దాచండి. టోకెన్ ముందు మీ ప్రొడక్ట్‌ను సూచించే చిన్న గుర్తు పెట్టండి. ఎక్కడైనా కోడ్‌లో బయటపడితే స్కానర్లు పట్టేస్తాయి. గిట్‌హబ్ 2021 నుంచి ఇలాగే చేస్తోంది.

వేరే వెండర్ ఇచ్చినవైతే హ్యాష్ చేస్తే పనికిరావు, అసలు విలువ కావాలి. ఎన్‌క్రిప్ట్ చేసి, ఆ కీని డేటాబేస్‌కు బయట, కీ మేనేజ్‌మెంట్ సర్వీస్‌లో ఉంచండి. బ్యాకప్ దొంగిలించినవాడికి కీ కూడా అందులోనే దొరక్కూడదు.

టోకెన్‌ను యూఆర్‌ఎల్‌లో ఎప్పుడూ పెట్టకండి. ప్రాక్సీ లాగ్‌లు, బ్రౌజర్ హిస్టరీ అన్నిట్లో మిగిలిపోతుంది. దాని చోటు ఆథరైజేషన్ హెడర్.

పని ఆగకుండా టోకెన్ మార్చడం ఎలా?

ఒకేసారి రెండు టోకెన్లు చెల్లే వీలుండాలి. కొత్తది జారీ చేయండి. కస్టమర్ దాన్ని తన సిస్టమ్‌లో పెడతాడు. పాతదాన్ని "చివరిసారి ఎప్పుడు వాడారు" అన్న సమయం చూస్తూ ఉండండి. 72 గంటలు కదలకపోతే రద్దు చేయండి. నెలకోసారి నడిచే బిల్లింగ్ పని ఉంటే మాత్రం 72 గంటలు చాలవు, ఆ పని ఒకసారి కొత్త టోకెన్‌తో నడిచేదాకా ఆగండి. నెల మొదటి తేదీన ఆగిపోయే ఇంటిగ్రేషన్ల వెనక ఎక్కువగా ఈ తొందరే ఉంటుంది.

రద్దు చేశాక కూడా టోకెన్ పనిచేస్తోంది. ఎలా?

అది జేడబ్ల్యూటీ (వివరాలు, సంతకం తనలోనే ఉండే టోకెన్) అయితే, అందుకునే సర్వర్ సంతకం, గడువు మాత్రమే చూస్తుంది. రద్దయిందా అని ఎవరినీ అడగదు. గడువు తీరేదాకా చెల్లుతుంది. అందుకే గడువు చిన్నదిగా ఉంచి, డబ్బు ఖర్చయ్యే పనులకు, డేటా తీసేసే పనులకు మాత్రం రద్దయిన టోకెన్ ఐడీల జాబితా చూసేలా పెట్టండి. ఆ జాబితాలో ఒక ఐడీ, ఆ టోకెన్ గడువు తీరేవరకు ఉంటే చాలు.

ఓఆత్ టోకెన్ రద్దు ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 7009 గురించి ఒక సంగతి చాలామందికి తెలియదు. మీరు తప్పు టోకెన్ పంపినా సర్వర్ 200 (సరే) అనే జవాబిస్తుంది. కాబట్టి 200 వచ్చిందని నిశ్చింతగా ఉండకండి. రద్దు చేశాక ఆ టోకెన్‌తో ఒక చిన్న కాల్ చేసి 401 (టోకెన్ చెల్లదు) వస్తోందో లేదో చూడండి.

టోకెన్ బయటపడింది. ముందు ఏం చేయాలి?

రద్దు. విచారణ తర్వాత. ఎవరు పెట్టారు, ఎలా పోయింది అని చర్చిస్తూ గంట గడిపితే ఆ గంట అవతలివాడిది. రద్దు చేశాక ఆ టోకెన్‌తో జరిగిన కాల్స్ అన్నీ ఐపీ అడ్రస్‌లతో సహా బయటికి తీయండి, ఆ సమయంలో కొత్తగా సృష్టించిన యూజర్లు, కొత్త టోకెన్లు ఏమైనా ఉన్నాయేమో చూడండి. దొంగ ముందుగా చేసేది తనకో రెండో తాళంచెవి చేయించుకోవడమే. గిట్‌లో ఆ లైన్ తీసేసి కొత్త కమిట్ పెట్టినంత మాత్రాన పోదు, పాత కమిట్‌లో ఉంటుంది. డాకర్ ఇమేజ్ కింది పొరల్లోనూ ఉంటుంది. కస్టమర్‌కు అదే రోజు చెప్పండి, ఏ డేటా ఏ సమయం నుంచి ఏ సమయం దాకా బయట ఉందో స్పష్టంగా రాయండి.

కస్టమర్ వేరే రీసెల్లర్‌కు మారుతున్నాడు. ఏ వరసలో చేయాలి?

1. కస్టమర్ అధికారిక కాంటాక్ట్ నుంచి రాతపూర్వకంగా అనుమతి. కొత్త రీసెల్లర్ చెప్పాడని చేయొద్దు.
2. మారే తేదీ నిర్ణయించండి. రెన్యువల్ తేదీ అయితే బిల్లుల గొడవ ఉండదు.
3. పాత సంబంధానికి "ఎప్పటి వరకు", కొత్తదానికి "ఎప్పటి నుంచి" రాయండి.
4. హక్కు, కీలు, యాక్టివేషన్లు ముట్టుకోవద్దు. ఒక్క యూజర్ కూడా మళ్లీ యాక్టివేట్ చేయాల్సిన పని పడకూడదు.
5. పాత రీసెల్లర్ దగ్గరున్న టోకెన్లు, అడ్మిన్ ఖాతాలు, వెబ్‌హుక్ అడ్రస్‌లు (ఏదైనా మారగానే సర్వర్ కబురు పంపే చోట్లు) అన్నీ అదే రోజు తీసేయండి.

అయిదోది ఎక్కువగా మరిచిపోయేది. ముఖ్యంగా వెబ్‌హుక్. టోకెన్ తీసేసినా, కస్టమర్ కొత్త యూజర్‌ను చేర్చిన ప్రతిసారీ ఆ సమాచారం పాత రీసెల్లర్ సర్వర్‌కు వెళ్తూనే ఉంటుంది.

మైక్రోసాఫ్ట్ క్లౌడ్ కస్టమర్ల విషయంలో రీసెల్లర్‌కుండే అడ్మిన్ హక్కులు జీడాప్ (పరిమితమైన అడ్మిన్ అనుమతి) సంబంధం ద్వారా వస్తాయి. దాని గడువు గరిష్ఠంగా 730 రోజులు. దానంతటదే మరో ఆరు నెలలు పొడిగేలా పెట్టుకోవచ్చు, గ్లోబల్ అడ్మిన్ పాత్ర ఉన్నదానికి మాత్రం ఆ వీలు లేదు. సబ్‌స్క్రిప్షన్ మారినంత మాత్రాన ఆ సంబంధం పోయిందనుకోకండి, విడిగా వెళ్లి ముగించండి.

వాడిన పర్పెచువల్ (కాలపరిమితి లేని) లైసెన్స్‌ను కస్టమర్ ఇంకొకరికి అమ్ముకోవచ్చా?

ఒప్పందం, దేశం బట్టి ఉంటుంది. యూరోపియన్ యూనియన్‌లో 2012 జులై 3న యూజ్డ్‌సాఫ్ట్, ఒరాకిల్ కేసులో వచ్చిన తీర్పు ప్రకారం కాలపరిమితి లేకుండా అమ్మిన లైసెన్స్‌ను తిరిగి అమ్మొచ్చు. అమ్మినవాడు తన కాపీని వాడకుండా చేయాలి, గుంపుగా కొన్న సీట్లను విడగొట్టి అమ్మకూడదు. అలాంటి బదిలీ వస్తే పాత యాక్టివేషన్లన్నీ తీసేసి, కొత్త యజమానికి కొత్త కీ ఇవ్వండి.

రీసెల్లర్ వెండర్‌కు డబ్బు కట్టలేదు. కస్టమర్లను ఆపేయొచ్చా?

కస్టమర్ కట్టేసి ఉండొచ్చు. ముందుగా ఆ రీసెల్లర్‌కు కొత్త ఆర్డర్లు ఆపండి. కస్టమర్లకు నేరుగా తెలియజేసి, వేరే రీసెల్లర్‌కు మారడానికి కనీసం 30 రోజులివ్వండి. ఈ మాటలు రీసెల్లర్ ఒప్పందంలో ముందే లేకపోతే గొడవ వచ్చిన రోజున రాసుకోవడం కుదరదు.

వెబ్‌హుక్‌లు అన్నీ వస్తున్నాయి, అయినా సీట్ల లెక్క తప్పుతోంది. ఎందుకు?

వెబ్‌హుక్ రాకపోవచ్చు, రెండుసార్లు రావచ్చు, వరస తప్పి రావచ్చు. "10 సీట్లు" అన్నది ముందు, "12 సీట్లు" అన్నది తర్వాత బయల్దేరినా, 12 ముందు చేరి 10 తర్వాత చేరితే మీ దగ్గర 10 మిగులుతుంది. వెబ్‌హుక్‌ను "ఏదో మారింది" అన్న కబురుగా మాత్రమే తీసుకుని, అసలు సంఖ్యను ఏపీఐలో అడిగి తెలుసుకోండి. ప్రతి ఈవెంట్ ఐడీని దాచి, మళ్లీ వస్తే వదిలేయండి. రోజుకోసారి రాత్రిపూట వెండర్ లెక్కనూ మీ లెక్కనూ పక్కపక్కన పెట్టి తేడాలు రిపోర్ట్ తీయండి. తేడాను కోడ్ తనంతట తాను సరిచేయకూడదు, మనిషి చూడాలి. ఒకసారి వెండర్ ఏపీఐ పొరపాటున ఖాళీ జాబితా ఇస్తే, తనంతట తాను సరిచేసే కోడ్ కస్టమర్లందరి సీట్లనూ సున్నా చేసేస్తుంది. ఒక్క రాత్రిలో 5 శాతం కంటే ఎక్కువ మంది కస్టమర్ల లెక్క మారితే ఆ పని ఆగిపోయి, ఎవరినైనా నిద్రలేపాలి.